ఎక్స్‌ప్లేన్ సీనరీలో ట్యాక్సీవే బోర్డులు తిరగబడుతున్నాయా?

ఎక్స్‌ప్లేన్ అనే విమానం నడిపే కంప్యూటర్ ఆట కోసం మీరు గీసిన ఎయిర్‌పోర్టులో రన్‌వే, ట్యాక్సీవేలు (రన్‌వేకు వెళ్లడానికి, వెనక్కి రావడానికి విమానం నేల మీద నడిచే దారులు) బాగానే వచ్చాయి గానీ బోర్డులు కొన్ని వీపు చూపిస్తున్నాయి, కొన్నింటి బాణాలు తప్పు దారి పట్టిస్తున్నాయి అన్నారు. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. అసలు సిగ్గు ఏంటంటే నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నాది ఫ్లెక్సీ షాపు. పొద్దున్నుంచి రాత్రిదాకా బోర్డులు కొట్టడమే నా పని.

ముందు వీపు సంగతి. వరల్డ్‌ఎడిటర్‌లో, అంటే ఈ ఎయిర్‌పోర్టులు గీసే సాఫ్ట్‌వేర్‌లో, బోర్డుకు ఇచ్చే హెడింగ్ (డిగ్రీల్లో రాసే దిక్కు), బోర్డు మొహం తిరిగిన దిక్కు కాదు. దాన్ని చదివే పైలట్ వెళ్తున్న దిక్కు. తూర్పుకు వెళ్లే విమానానికి కనపడాలంటే 90 ఇవ్వాలి. బోర్డు పడమటికి చూస్తుంది కదా అని నేను 270 ఇచ్చుకుంటూ పోయాను. అప్పుడు సాగర్ అవతల, విజయపురి సౌత్ దగ్గరున్న ఎయిర్‌స్ట్రిప్ గీస్తున్నా. మా అక్క కొడుకు ఆటలో సెస్నా అనే చిన్న విమానం వేసుకుని ఒక రౌండు తిప్పి, "మామా, నీ బోర్డులన్నీ అలిగి అటు మర్రి కూసున్నయే" అన్నడు. ఒక్కో దానికీ 180 కలుపుకుంటూ కూర్చున్నా.

రాత కష్టం కాదు. బోర్డుల ఎడిటర్‌లో అక్షరాలు, బాణాలు నొక్కి ఎంచుకోవచ్చు. చేత్తో టైప్ చేసేవాళ్లకు ఫ్లవర్ బ్రాకెట్‌లో అట్ గుర్తు (@), దాని పక్కన రంగు అక్షరం. వై అంటే పసుపు మీద నలుపు, దారి చూపేది. ఎల్ అంటే నలుపు మీద పసుపు, విమానం ఇప్పుడున్న ట్యాక్సీవే పేరు. ఆర్ అంటే ఎరుపు మీద తెలుపు, కంట్రోల్ టవర్ సరే అనేదాకా దాటకూడనిది. రెండు అట్ గుర్తులు వరసగా పడితే అక్కడితో ముందు వైపు అయిపోయినట్టు, ఆ తర్వాతదంతా వెనక వైపు రాత.

ఈ వెనక వైపే కొంప ముంచేది. ఒకసారి ఒక ఫంక్షన్ హాల్ వాళ్ల ఫ్రేముకు రెండు వైపులా ఒకే ఫ్లెక్సీ కొట్టిచ్చాను, రెండిట్లోనూ బాణం ఎడమకే. ఒక వైపు నుంచి వచ్చిన చుట్టాలు సక్కగా పోయారు, రెండో వైపు వాళ్లు పొలాల్లోకి దిగారు. పెళ్లికూతురు మేనమామ నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నార్కట్‌పల్లి దగ్గర చూడండి, హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి నల్గొండ కుడికి, విజయవాడ నుంచి వచ్చేవాడికి ఎడమకు. ట్యాక్సీవే జంక్షన్ కూడా అంతే, బోర్డు వెనక రాసేటప్పుడు బాణాన్ని తిప్పి వేయాలి.

ఎర్ర బోర్డులో అంకెల వరసకూ ఇదే లెక్క. రన్‌వే పడమటి కొస పేరు 09, తూర్పు కొస పేరు 27 అనుకోండి. ఆ 09-27 రన్‌వేకు దక్షిణం వైపు ఆగి ఉత్తరానికి చూస్తే, 09 మొదలయ్యే పడమటి కొస ఎడమ చేతికి వస్తుంది. అందుకే 09-27 అని రాస్తారు. రన్‌వేకు అవతలి వైపు నుంచి వచ్చేవాడికి అదే 27-09. అదే బోర్డును కాపీ చేసి అవతల అతికించారా, అయిపోయారు.

ఆటకు ఇంత పట్టింపెందుకు అంటారేమో. 2001 అక్టోబర్ 8న మిలాన్ లినాటేలో, దట్టమైన పొగమంచులో, ఆర్5 అనే ట్యాక్సీవే మీదుగా వెళ్లాల్సిన చిన్న జెట్ ఆర్6 అనే దాంట్లోకి మళ్లి రన్‌వే మీదకు వచ్చేసింది. టేకాఫ్ తీసుకుంటున్న విమానం దాన్ని గుద్దింది. 118 మంది పోయారు. అక్కడి బోర్డులు, గుర్తులు ప్రమాణాలకు తగ్గట్టు లేవని దర్యాప్తులో తేలింది. అది చదివాక నా బోర్డులన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకున్నా.

బోర్డును ట్యాక్సీవే అంచుకు ఆనించి పెట్టకండి, రెక్క తగులుతుంది. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో 11 నుంచి 21 మీటర్ల దూరం ఉంచుతారు, చిన్నవాటిలో 5 నుంచి 11. ట్యాక్సీవేలకు ఐ, ఓ, ఎక్స్ అక్షరాలు పెట్టరు. నా ఎయిర్‌స్ట్రిప్‌లో మొదట శంషాబాద్ స్థాయిలో బోర్డులు నాటాను, జాతర లెక్క కనపడింది. సగానికి పైగా పీకేశాను.

అంతా అయ్యాక వరల్డ్‌ఎడిటర్‌లో తప్పులు వెతికే వాలిడేట్ నొక్కండి, రాతలో బ్రాకెట్ తప్పులుంటే అదే పట్టిస్తుంది. బాణం తప్పు మాత్రం దానికి తెలియదు. ప్రతి జంక్షన్‌కూ అన్ని వైపుల నుంచీ మీరే నడుపుకుంటూ రావాలి. ఇంకా కుదరకపోతే ఆ జంక్షన్ స్క్రీన్‌షాట్ పెట్టండి, పై నుంచి తీసింది కాదు, కాక్‌పిట్‌లోంచి తీసింది.