కృత్రిమ కాలు పెట్టుకోనంటున్న నాన్నగారి విషయంలో

మధుమేహం వల్ల మీ నాన్నగారి కాలును మోకాలి కింద తీసేశారని, ఆరు నెలల తరువాత కృత్రిమ కాలు వచ్చినా ఆయన దాన్ని మంచం పక్కన పెట్టేసి గడప దాటడం లేదని, ఆయనకు ధైర్యం ఎలా చెప్పాలో తెలియడం లేదని రాశారు. రోడ్డు ప్రమాదంలో నా కాలు కూడా మోకాలి కిందనే పోయింది. చాలా ఏళ్లుగా కృత్రిమ కాలితోనే నడుస్తున్న మనిషిగా చెబుతున్నాను: ధైర్యం సంగతి తరువాత, ముందు సాకెట్, అంటే మిగిలిన కాలు దూర్చే గిన్నెలాంటి భాగం, సరిపోతోందో లేదో కృత్రిమ కాళ్లు అమర్చే నిపుణుడికి చూపించండి.

ఆపరేషన్ తరువాత మొదటి ఏడాదిలో స్టంప్ (తీసేయగా మిగిలిన కాలి భాగం) వాపు తగ్గి, కండ కరిగి సన్నబడుతూ ఉంటుంది. అప్పుడు పాత కొలతల సాకెట్ వదులై, బరువంతా పడకూడని చోట, ఎముక చివర మీద పడుతుంది. ఉదయం సరిపోయినదే సాయంత్రానికి వదులు కావడమూ మామూలే. అందుకే నేను సంచిలో ఒక పలుచని మేజోడు పెట్టుకుంటాను. అడుగు వేసినప్పుడు కాలు సాకెట్‌లోకి మరీ దిగినట్టు అనిపించగానే దాన్ని అదనంగా తొడుక్కుంటాను. ఈ మాట చెప్పేవారు లేక, నొప్పి ఓర్చుకోలేక కాలు విప్పేసిన మనిషిని ఇంట్లోవాళ్లు ‘మనసు దిటవు చేసుకోవాలి’ అని మందలించడం కళ్లారా చూశాను. అది చాలా అన్యాయం. పైగా మధుమేహం ఉన్నవారికి స్పర్శ తగ్గి పుండు పడినా తెలియకపోవచ్చు కనుక, రోజూ రాత్రి అద్దం పెట్టి స్టంప్ అడుగుభాగాన్నీ, రెండో పాదాన్నీ తప్పక చూడాలి.

లేని పాదం మండుతోందని, వేళ్లు మెలిపడుతున్నాయని ఆయన అంటే కొట్టిపారేయకండి. అది భ్రమ కాదు, మెదడులో, నరాలలో పుట్టే నిజమైన నొప్పి. దీనికి మందులున్నాయి. ఉన్న కాలి ప్రతిబింబాన్ని లేని కాలి చోట చూపించే అద్దం చికిత్స, 1990లలో నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ప్రవేశపెట్టినది, కూడా కొందరికి ఉపశమనం ఇస్తుంది.

ఇక గడప దాటకపోవడానికి గడపే కారణం కావచ్చు. చాలా కృత్రిమ పాదాలను చెప్పు మడమ ఎత్తును బట్టి అమరుస్తారు. గుడి ముందో, బంధువుల ఇంటి ముందో చెప్పు విడిస్తే ఒళ్లు వెనక్కి తూలినట్టవుతుంది. నలుగురి ఎదుట పడిపోతానన్న భయం, ‘అయ్యో పాపం’ అనే చూపుల బాధకు తోడవుతుంది. జైపూర్‌లో 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ రూపొందించిన పాదం వట్టికాళ్లతో నడవడానికీ, నేలమీద కూర్చోవడానికీ వీలుగా చేసినదే. నాన్నగారి కృత్రిమ పాదం ఏ రకమో, వట్టికాళ్లతో నడిచేలా సరిచేయడం కుదురుతుందో లేదో అడగండి.

మరొక సంగతి. మా ఇంట్లో నన్ను మంచినీళ్లకు కూడా లేవనివ్వని కాలమే నాకు అన్నిటికంటే భారంగా గడిచింది. కూరగాయల పని మళ్లీ నాకు అప్పగించాకే, బేరమాడే హడావిడిలో నన్నెవరు చూస్తున్నారో పట్టించుకోవడం మానేశాను. నాన్నగారు ఇదివరకు చేసిన పనుల్లో ఏదో ఒకటి, ఆయన మాటే చెల్లేది, తిరిగి ఆయన చేతికివ్వండి. ఇలాగే కాలు పోయి నడుస్తున్న ఆయన ఈడు వారు ఎవరైనా ఉంటే ఇంటికి పిలవండి. మీ నోట వినని మాట వారి నోట వింటారు. వీటన్నిటి తరువాత కూడా నిద్ర, తిండి మానేసి, బతకాలని లేదంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యునికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు.