వెస్టిబ్యులార్ న్యూరైటిస్ (లోపలి చెవి నుంచి మెదడుకి వెళ్ళే బ్యాలెన్స్ నరానికి వాపు) వచ్చింది, తల తిరగడం ఆగినా నడిస్తే ఒక పక్కకి లాగుతోంది, మెడ బిగుసుకుపోతోంది, పోశ్చర్ బెల్ట్ వాడాలా?

బెల్ట్ వద్దండి, మెడకి కాలర్ అసలొద్దు. నాకూ మీలాగే వెస్టిబ్యులార్ న్యూరైటిస్ వచ్చింది, ఎడమ చెవికి. గిర్రున తిరగడం కొన్ని రోజులకే తగ్గింది గానీ ఆ తూలుడు, మెడనొప్పి మాత్రం నెలల తరబడి వదల్లేదు.

తల కదలకుండా ఉన్నా రెండు లోపలి చెవుల నుంచీ మెదడుకి సిగ్నల్స్ సమానంగా వెళ్తూనే ఉంటాయి, ఒక పక్క తగ్గిపోతే ఒంటిని నిటారుగా నిలబెట్టే కండరాల బిగువులో కూడా తేడా వచ్చేస్తుంది, అందుకే దెబ్బతిన్న చెవి వైపుకే ఒరుగుతాం. దాంతో భయమేసి మనకి తెలీకుండానే మెడ బిగబట్టేస్తాం, ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పకుండా మనిషి మనిషే తిరుగుతాం, చూపు నేల మీదే ఉంటుంది. నా మెడనొప్పి అంతా దీనివల్లేనని ఫిజియో చూపించేదాకా నేను ఎముకల సమస్యేమో అనుకున్నా. తల కదిలితేనే కదా మెదడుకి ఆ తేడా తెలిసి సర్దుకునేది, బిగబట్టి కూర్చుంటే ఎలా సర్దుకుంటుంది చెప్పండి.

నాకు బాగా పనిచేసింది ఇది. చెయ్యి చాచి బొటనవేలి గోరు మీదే చూపు నిలిపి తలని అటూ ఇటూ, తర్వాత పైకీ కిందకీ తిప్పడం, గోరు మసకబారనంత వేగంలోనే. కొంచెం తిరిగినట్టు ఉంటుంది, కాసేపటికి సర్దుకుంటే పర్లేదు, గంటలు గంటలు ఉంటే మాత్రం ఎక్కువ చేసినట్టు లెక్క. ఆ తర్వాత గోడ మూలలో ముందు కుర్చీ పెట్టుకుని కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడటం, అది వచ్చాక కళ్ళు మూసుకుని, ఆ తర్వాత దిండు మీద నిలబడి. చివరికి తల తిప్పుతూ నడవడం. ఈ తరహా కసరత్తులు కొత్తవేం కాదు, 1940ల్లోనే కాథార్న్, కుక్సీ అనే ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టారు. మొదట్లో ఫిజియో దగ్గరుండి చేయిస్తేనే మంచిది.

చీకట్లో, మెత్తటి పరుపు మీద ఎక్కువ తూలతారు, ఎందుకంటే అప్పుడు కళ్ళూ పాదాలూ సాయం చేయవు, మొత్తం చెవి మీదే పడుతుంది. రాత్రి బాత్రూమ్ దారిలో లైట్ ఉంచుకోండి.

తల తిరుగుడు బిళ్ళలు ఇంకా వేసుకుంటుంటే ఎప్పుడు ఆపాలో ఈఎన్‌టీ డాక్టర్‌ని అడగండి, కొన్ని రకాలు ఎక్కువకాలం వాడితే ఈ సర్దుబాటే నెమ్మదిస్తుంది. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఉన్నట్టుండి చెవి వినపడకపోయినా కసరత్తులు పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.