లైసెన్సు లేని వాటర్ ప్లాంట్లన్నీ మూసేయించాలా?

కొండ ప్రాంతాల్లో లైసెన్సు లేని మినరల్ వాటర్ ప్లాంట్లను కార్పొరేషన్ మూయించాలా అని అడిగారు. వద్దండీ. విజయవాడలో చిన్న ఆర్వో ప్లాంట్ల సర్వీసింగే నా పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గుణదల, విద్యాధరపురం కొండల మీద పై వరస ఇళ్లకు కుళాయి నీళ్లు సరిగా ఎక్కవు. ఎక్కినా తాగాలంటే భయమే. 2018లో గుంటూరులో కుళాయి నీళ్లు కలుషితమై డయేరియాతో జనం చనిపోయిన సంగతి ఇక్కడెవరూ మర్చిపోలేదు. ప్లాంటుకు తాళం వేస్తే వాళ్లు ఏం తాగాలి?

అలాగని వదిలేయమనడం లేదు. కొనేవాళ్లు టీడీఎస్ మీటర్లో 50 చూసి నీళ్లు మంచివనుకుంటారు. అది కరిగిన ఉప్పుల లెక్క, క్రిముల సంగతి అందులో తెలియదు. ఒక ప్లాంటులో క్రిములను చంపే యూవీ దీపం ఎప్పుడో మాడిపోయింది, ఓనరుకు తెలియనే తెలియదు. మెషీన్ బాగున్నా అసలు తంటా టిన్నుతో వస్తుంది. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి కడగని టిన్నులో పోస్తే క్రిములను ఆపేది ఏదీ ఉండదు. ఖాళీ టిన్నును ఎండకు ఎత్తి చూడండి, చాలావాటిలో అడుగున పచ్చటి పాకుడు కనిపిస్తుంది.

సీలు వేసి అమ్మే నీళ్లకు ఐఎస్ 14543 అనే జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ల్యాబు పెట్టి, కెమిస్టును పెట్టుకోవాలంటే పది ఇరవై రూపాయలకు టిన్ను అమ్మేవాడు దుకాణం మూసేస్తాడు, లేదా దొంగచాటుగా నడుపుతాడు. దొంగచాటుగా నడిచేదాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు. నాకు అదే పెద్ద టెన్షన్.

వార్డు సచివాలయంలో ఫీజు లేకుండా ప్లాంటు పేరు నమోదు చేయాలి. నెలకోసారి చెప్పకుండా వచ్చి, ట్యాంకు నుంచి కాకుండా నింపిన టిన్ను నుంచి శాంపిల్ తీయాలి. క్రిముల పరీక్షకు వాడే హెచ్‌టూఎస్ సీసాలో ఆ నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో కలుషితమైనవైతే సాధారణంగా నల్లబడతాయి. దానికి పెద్ద ఖర్చు కాదు. ఫలితం తేదీతో సహా ప్లాంటు గోడ మీద రాయించాలి. పరీక్షలో తప్పితే అమ్మకం ఆపాలి, మళ్లీ పరీక్షలో నెగ్గితే తెరవాలి. రేటు మాత్రం కట్టడి చేయొద్దు, చేస్తే ముందు ఆగేది దీపం మార్చడమే.

మీ వార్డులో అడగాలనుకుంటే సచివాలయంలో నీళ్ల వంటి సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీని కలవండి. నలుగురైదుగురు ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి, టిన్నుల ఖర్చు రోజూ లెక్కేసేది వాళ్లే.