పచ్చిక పడుకుంది, యూరియా చల్లి లేపకండి

ప్రశ్న: సార్, నేను నిర్మల్ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మా గ్రౌండ్‌లో వానాకాలమంతా గరిక పచ్చగా ఉండేది. డిసెంబర్ వచ్చేసరికి ఎండుగడ్డిలా తయారైంది. సంక్రాంతికి ఊళ్లో క్రికెట్ టోర్నమెంట్, ఆ వెంటనే జనవరి 26 పరేడ్. యూరియా చల్లి రోజూ నీళ్లు పెడితే పచ్చబడుతుందని మా ఊరి రైతులు అంటున్నారు. చల్లమంటారా?

జవాబు: వద్దు సార్. మక్కచేనుకు పనికొచ్చే సలహా ఇది, మీ గ్రౌండ్‌కు కాదు.

గరిక ఎండను కోరే గడ్డి. 27 నుంచి 35 డిగ్రీల వేడిలో పరుగులు తీస్తుంది. రాత్రిళ్లు వరసగా 10 డిగ్రీలు, అంతకంటే కిందికి పడితే ఆకుల్లో రంగు పోతుంది, పైకి పెరగడం ఆగిపోతుంది. ఉన్న బలమంతా వేళ్లలో, నేలలోపలి కాడల్లో దాచుకుని పడుకుంటుంది. అప్పుడు యూరియా వేస్తే తినేవాళ్లు లేని విస్తరి. నీళ్లతోపాటు కిందికి దిగిపోతుంది, లేదా మధ్యలో రెండు రోజులు ఎండ కాస్తే లేత ఆకులు తొందరపడి లేచి మళ్లీ చలికి మాడిపోతాయి.

ముందు గడ్డి బతికుందో లేదో చూసుకోండి. పొడిబారిన చోట ఒక కాడ పీకి, గణుపు దగ్గర గోటితో గీరండి. లోపల తెల్లగానో లేతాకుపచ్చగానో గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పుల్లలా పటుక్కున విరిగితేనే పోయినట్టు. నమ్మకం కుదరకపోతే అరచేతి మందాన ఒక గడ్డను మట్టితోసహా తవ్వి, కుండీలో పెట్టి, ఎండ బాగా తగిలే చోట తడుపుతూ ఉండండి. రెండు వారాల్లో చిగురు కనిపిస్తుంది. ఆ కుండీని హెడ్మాస్టర్ గారి టేబుల్ మీద పెడితే యూరియా మాట మళ్లీ ఎత్తరు.

నీళ్లు రోజూ వద్దు. మీది నల్లరేగడి అయితే వారానికోసారి, నాలుగైదు అంగుళాల లోతు తడిసేలా, పొద్దునపూట పెట్టండి. సాయంత్రం తడిపితే దానికి రాత్రి మంచు తోడై, తెల్లారేదాకా గడ్డి తడిగానే ఉండి తెగులు పట్టుకుంటుంది. అసలే నీళ్లు పెట్టకపోయినా తప్పే, రేగడి నెర్రెలిచ్చి పిల్లల చీలమండలు మెలిపడతాయి. నెర్రెలు పడితే ఇసుక కాదు, అదే మట్టిని జల్లెడ పట్టి పోసి తడపండి.

గడ్డి మిషన్ బ్లేడు కాస్త పైకెత్తండి. ఇంతకుముందు అంగుళం ఉంచుతుంటే ఇప్పుడు అంగుళంన్నర ఉంచండి.

అసలు సంగతి ఇవేవీ కాదు. చలికాలంలో అరిగిన చోటు చలికాలంలో పూడదు. 2023లో ఆస్ట్రేలియాతో మూడో టెస్టు ధర్మశాలలో జరగాల్సింది. చలి దెబ్బకు ఔట్‌ఫీల్డ్‌లో గడ్డి ఒత్తుగా రాలేదని బీసీసీఐ ఆ మ్యాచ్‌ను ఇండోర్‌కు మార్చింది. అక్కడ డబ్బుకు కొదవా, మనుషులకు కొదవా? గడ్డికి టైమ్ చాల్లేదు, అంతే. కాబట్టి మీరు గడ్డిని కాపాడాల్సింది కాళ్ల తొక్కిడి నుంచి. ప్రేయర్ లైన్ వారానికోసారి చోటు మార్చండి. ఫుట్‌బాల్ గోల్ పోస్టులు కదిలేవైతే పక్కకు జరపండి. పరేడ్ ప్రాక్టీస్ నెలంతా గ్రౌండ్ మధ్యలో చేయిస్తారు చూడండి, గరికను చంపడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు! అంచున వట్టి నేల మీద కవాతు చేయించి, చివరి రెండు రోజులే మధ్యకు తీసుకురండి. టోర్నమెంట్‌కు వచ్చే బైకులు, డీజే బండి గేటు బయటే ఆగాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం సర్పంచ్ గారి మొహమాటానికి పోకండి.

మ్యాచ్ రోజు పొద్దున మంచుకు ఒక చిట్కా. పొడవాటి లావు తాడు తీసుకుని చెరో కొస ఇద్దరు పట్టుకుని, నేలకు ఆనేలా ఈ చివర నుంచి ఆ చివరిదాకా లాక్కుపోవాలి. ఆకుల మీది బొట్లు రాలిపోతాయి, మిగిలింది ఎండకు త్వరగా ఆరుతుంది. పెద్ద స్టేడియాల్లోనూ ఇదే పని చేస్తారు, తాడు కాస్త ఖరీదైనదంతే. గీతలకు సున్నం వాడకండి, గడ్డిని కాలుస్తుంది, కళ్లలో పడితే మరీ ప్రమాదం. ముగ్గు పిండి చాలు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుంది కదా, యూరియా బస్తా అప్పుడు విప్పండి. వంద చదరపు మీటర్లకు కిలో, చల్లిన వెంటనే నీళ్లు. బోడిపడ్డ చోట్ల గరిక కాడలు నాటేది కూడా అప్పుడే.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. మా బాబు ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ గడ్డ కట్టిన మంచు వల్ల రద్దయింది. పదింటికల్లా ఎండ వచ్చి పైన మెత్తబడింది, అయినా గ్రౌండ్స్‌మన్ ఒప్పుకోలేదు. ఇది అతి కాదా?

జవాబు: కాదమ్మా, ఆయన చేసింది కరెక్టే. మీరు చెప్పిన ఆ పదింటి పరిస్థితే అన్నిటికంటే చెడ్డది. పైన అంగుళం కరిగి బురదవుతుంది, కింద నేల ఇంకా రాయిలా ఉంటుంది. బూటు మేకులు పై మట్టిని పక్కకు తోస్తే, కింద బిగుసుకున్న వేళ్లు పుటుక్కున తెగుతాయి. పిల్లలు జారిపడితే తగిలేదీ ఆ గట్టి నేలే. కరగకముందు నడిచినా నష్టమే. ఆకులోని నీరు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి అడుగు పడ్డచోటల్లా కణాలు పగిలి, తర్వాత నల్లటి పాదముద్రలు తేలతాయి.

అక్కడ వేసేది ఎక్కువగా రైగ్రాస్. ఐదారు డిగ్రీలున్నా కొద్దికొద్దిగా పెరుగుతుంది, చలి కంటే నిలవ నీటితోనే దానికి పేచీ. అందుకే చలికాలమంతా మిషన్‌తో నేలకు రంధ్రాలు పొడుస్తూ, ఇసుక చల్లుతూ ఉంటారు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులకు నేల కింద వేడి పైపులు, పైన దీపాలు ఉంటాయి. మీ కౌన్సిల్ గ్రౌండ్‌కు ఉన్నది ఆ ఒక్క మనిషే. వచ్చే ఆదివారం మ్యాచ్ అయ్యాక తండ్రులు నలుగురు ఆగి, లేచిపోయిన పెళ్లలను కాలితో అదిమి పూడిస్తే ఆయనకు గంట పని తగ్గుతుంది.