కరెంటు పోతే ఇంటి మీది సోలార్ కూడా ఎందుకు ఆగుతుంది?

అన్నా, మీరు పరకాలలో ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నారు, నెట్ మీటరు (లైనుకు ఇచ్చిందీ, తీసుకున్నదీ రెండూ లెక్కగట్టే మీటరు) కూడా బిగించారు. ఎండ మండిపోతున్నా కరెంటు పోగానే సోలార్ బంద్ అవుతోందనీ, ఒక్కోసారి మధ్యాహ్నం కరెంటు ఉండగానే ఆగుతోందనీ అడిగారు. ఇవి రెండూ వేర్వేరు విషయాలు. మొదటిది రిపేరు కాదు, అది అట్లనే ఉండాలి. రెండోదాన్ని మాత్రం వెంటనే చూపించుకోవాలి. ఇక మీ ఎలక్ట్రీషియన్ చెప్పినట్టు ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్ లైనును సోలార్‌కు కలిపి నడిపించే పని దయచేసి చేయించకండి.

హనుమకొండలో మా ఇంటి మీదా 3 కిలోవాట్లే ఉన్నాయి. మాకూ ఒకాయన ఇదే సలహా ఇస్తే, లైన్‌మన్‌గా చేసి రిటైరైన మా చిన్నాయన గట్టిగా వద్దన్నాడు.

ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారానికి మన దిక్కు చెట్లు కూలి తీగలు తెగుతాయి కదా. అప్పుడు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి పని చేసుకోమనే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) దించి స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో కింద ఏదో ఇంటి సోలార్ లైనులోకి కరెంటు తోస్తూ ఉంటే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. 11 వేల వోల్టులను తగ్గించి మనకు ఇచ్చేదే, మన వైపు నుంచి కరెంటు ఎక్కితే అటువైపు 11 వేలు చేస్తుంది. వీధి మొత్తం లోడు మీద పడితే ఒక్క ఇంటి సోలార్ తట్టుకోలేక ఆగిపోవచ్చు, నిజమే. కానీ తెగిన తీగకు ఇవతల రెండు మూడు ఇళ్లే మిగిలితే ఆ ముక్కలో కరెంటు అట్లనే నిలబడగలదు. స్తంభం మీద ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదు.

అందుకే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లోనే నిబంధన పెట్టింది. లైను పోయిన 2 సెకన్లలోపు సోలార్ ఇన్వర్టర్, అంటే పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె, లైను నుంచి విడిపోవాలి. కరెంటు తిరిగొచ్చాక వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కనీసం 60 సెకన్లు నిలకడగా ఉంటేనే మళ్లీ కలవాలి. కరెంటు వచ్చినా సోలార్ ఎక్కట్లేదని మా కాలనీలో కొందరు కంగారు పడేది ఈ కాసేపటి గురించే.

బ్యాటరీ ఇన్వర్టర్‌తో కలిపితే జరిగేది వినండి. మీ సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను నడవదు, ముందు కరెంటున్న ఒక లైను కనపడాలి. బ్యాటరీ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటును చూసి అదే లైను అనుకుని మొదలవుతుంది. ఇంట్లో వాడకం తక్కువుంటే మిగిలిన కరెంటు వెనక్కి బ్యాటరీ ఇన్వర్టర్‌లోకే దూరుతుంది. మామూలు ఇన్వర్టర్‌ను దాన్ని తట్టుకునేలా తయారుచేయరు, కాలిపోతుంది. వైరింగులో ఎక్కడన్నా తేడా ఉంటే వీధిలోకీ పోతుంది. జనరేటర్‌కు కలపడమూ ఇంతే.

కరెంటు అప్పుడప్పుడే పోతుంటే పాత ఇన్వర్టర్‌ను ఫ్యాన్లకు, లైట్లకు విడిగానే ఉంచుకోండి, అది చాలు. గంటలకొద్దీ పోతే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించుకోవాలి. అది ముందు వీధి లైను నుంచి విడిపోయి, ఆ తర్వాతే ఇంటికి ఇస్తుంది. ఖర్చు బాగానే ఉంటుంది. ఇంటి మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల రాయితీ సోలార్ సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేది, బ్యాటరీ పెట్టినంత మాత్రాన పెరగదు.

ఇక మధ్యాహ్నం ఆగడం. ఇది చాలావరకు వోల్టేజీ పెరగడం వల్లే అవుతుంది. 230 వోల్టుల మీద పది శాతం, అంటే 253 దాటితే సోలార్ ఇన్వర్టర్ విడిపోవాలన్నది కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. లైనులోకి కరెంటు తోయాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ కాస్త ఎక్కువుండాలి. వైరు సన్నగా, పొడుగ్గా ఉన్నా, జాయింటు లూజున్నా అది ఇంకా పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం సోలార్ నిండుగా నడుస్తున్నప్పుడు తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఇన్వర్టర్ దగ్గర ఒకసారి, మీటరు దగ్గర ఒకసారి కొలిపించండి. రెండింటికీ తేడా బాగా ఉంటే లోపం మీ వైరులో ఉన్నట్టు. మీటరు దగ్గరే ఎక్కువుంటే సోలార్ ఆపి మళ్లీ చూడండి. తగ్గితే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరును, స్తంభం మీది జాయింటును చూపించండి. మాకు ఆ జాయింటు మార్చాకే నయమైంది. సోలార్ ఆపినా 244 పైనే ఉంటే అది లైనుది, ట్రాన్స్‌ఫార్మర్‌ది. టైము కనపడేలా ఫొటో తీసి 1912కు ఫిర్యాదు చేయండి, కరెంటోళ్ల సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) కూడా చూపించండి.

సెట్టింగుల్లో ఆ 253ను పెంచేస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. మీ ఫ్రిజ్, టీవీ కూడా అదే వోల్టేజీ మీద నడుస్తున్నాయి. కొలిచిన రీడింగులు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.