కోర్టు కాగితం అందిన మేనకోడలికి

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇరవై ఏళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి, నా మాట నమ్ము. మిర్యాలగూడలో మీ బాపు కట్టిన ఇంటికి పన్ను బాకీ పడిందని మున్సిపాలిటీ దావా వేసింది. ఆయన లేడు కాబట్టి వారసులను ప్రతివాదులుగా పెట్టారు, అంతే. పెళ్లయి వచ్చేసిన నాకెందుకు పంపారు అన్నావు. వీలునామా లేకుండా పోయినవాడి స్వార్జితంలో 1956 వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, తమ్ముడికి, నీకు సమాన వాటా ఉంటుంది. వాటా ఉంది గనుకే దావాలో పేరుంది.

టెన్షన్ పడాల్సింది ఊరుకుంటేనే. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. సరైన కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఎవరూ పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ మాట వినకుండానే తీర్పు, అయిపోతుంది, దాన్ని కొట్టేయించడానికి మళ్లీ తిరగాలి. కవరు మీద అందిన తేదీ ఇప్పుడే రాసిపెట్టుకో.

బాపు బతికున్నప్పటి బాకీకి మీ మీద డిక్రీ వచ్చినా, ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి వరకే వసూలు చేస్తారు. నీ జీతం, నీ నగల జోలికి రారు. ఆయన పోయాక పడిన పన్ను మాత్రం ఓనర్లుగా మీ ముగ్గురిదే. అందుకే లెక్కను ఆయన పోయిన తేదీ దగ్గర రెండుగా విడగొట్టమని లాయర్‌కు చెప్పు.

ఆ లెక్క చూడకుండా రూపాయి కట్టకు. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ ఏడాదిది ఎంత అని ఏడాది వారీగా రాసిమ్మని మున్సిపల్ ఆఫీసులో అడుగు. పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. పది వేల బాకీ ఎనిమిదేళ్లు అట్లనే ఉంటే వడ్డీయే 19,200 అవుతుంది. మార్చి నెలలో పాత వడ్డీలో 90 శాతం మాఫీ ఇచ్చిన సందర్భాలున్నాయి, ఇప్పుడు ఉందేమో కనుక్కో.

మా నాన్న పోయాక మాకూ ఇదే అయింది. అన్న కడతాడని నేను, నేను కడతానని అన్న ఊరుకున్నాం. తర్వాత నోటీసు చూసి అమ్మ రేకు డబ్బా తెచ్చి మంచం మీద కుమ్మరించింది. మసకబారిన రసీదులు ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చదివితే, మేం కట్టిన రెండేళ్ల పన్ను పక్కింటి అసెస్‌మెంట్ నంబర్, అంటే ఇంటి పన్ను ఖాతా నంబర్, మీద ఎక్కిందని తేలింది. ఆ రసీదులే లేకుంటే మళ్లీ కట్టేవాళ్లం. మీ ఇంట్లో కూడా డబ్బా ఉంటుంది, అమ్మను అడుగు. రసీదు మీది నంబర్‌ను నోటీసు మీది నంబర్‌తో అంకె అంకె పోల్చు.

తమ్ముడు కట్టేస్తానంటున్నాడు, కడితే ఇల్లు వాడిదైపోతుందేమోనని నీ భయం. కాదు బిడ్డా. పన్ను రసీదు హక్కు పత్రం కాదు, కోర్టులు ఎన్నోసార్లు చెప్పిన మాట ఇది. వాడు కడితే నీ వంతు అడుగుతాడు, ఇచ్చి డబ్బు ముట్టినట్టు రాయించుకో. వాటాల గొడవ పెట్టుకుని పన్ను ఆపొద్దు. ఇంటి మీద బాకీ ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది, అమ్మబోతే ముందు అదే అడ్డం వస్తుంది. పంచాయితీ తర్వాత చేసుకోవచ్చు, అదీ అమ్మ ముందు కూర్చుని.

లాయర్ ఫీజు గురించి ఆలోచించకు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత లాయర్‌ను ఇచ్చే న్యాయ సేవల కమిటీ కోర్టులోనే ఉంటుంది. లెక్క తేలాక లోక్ అదాలత్‌లో రాజీ పెట్టమని అడగండి. అక్కడ తేలితే మళ్లీ అప్పీలు, వాయిదాలు ఉండవు.

సోమవారం పొద్దున పదింటికి కోర్టు గేటు దగ్గర ఉంటా. సమన్ల కవరు, బాపు మరణ ధృవీకరణ పత్రం, ఆ డబ్బా తీసుకుని రా. తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకో.

మీ మామ