మల్టీజిమ్ కోసం చిట్టి ఎత్తాలా?

ప్రశ్న: మాది హనుమకొండ, నయీంనగర్. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 46,000 వస్తుంది. ఇంటి కిరాయి 9,000. నా భార్య ఇంట్లోనే మిషన్ కుడుతుంది, ఆ డబ్బు ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. నేను జిమ్‌కు నెలకు 1,500 కడుతున్నా. ఇంట్లోనే పెట్టుకుంటే తను కూడా చేసుకుంటుందని 72,000 పెట్టి మల్టీజిమ్ (రకరకాల వ్యాయామాలు ఒకేచోట చేసుకునే పెద్ద యంత్రం) కొనాలనుకుంటున్నాం. నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 6,000 చొప్పున ఏడాది కట్టాలా, లేక 2 లక్షల చిట్టి ఎత్తాలా? అది 40 నెలల చిట్టి, 14 కట్టాను, అమ్మాయి ఇంటర్ చదువు కోసం వేసింది. పాట ఇప్పుడు 45,000 దగ్గర పోతోంది. బ్యాంకులో 38,000 ఉన్నాయి. జిమ్ పెట్టేది మేడ మీది రేకుల గదిలో. తెలిసినాయన పాత రాడ్లు, ప్లేట్లు 9,000కు ఇస్తానంటున్నాడు. అవైనా తీసుకోవచ్చా?

జవాబు: ముందు చిట్టి సంగతి. దాని జోలికి వెళ్లకండి. 45,000 వదులుకుంటే మీ చేతికొచ్చేది 1,55,000. మీకు కావలసింది 72,000. మిగిలిన 83,000 చేతిలో ఉంటే ఎన్ని ఖర్చులు గుర్తొస్తాయో నేను చెప్పక్కర్లేదు. పైగా మిగతా 26 వాయిదాలకు జామీను చూపించాలి. ఆఖరు నెలల దాకా ఆగితే పాట తగ్గుతుంది, ఆ 45,000లో ఎక్కువ భాగం మీకే మిగులుతుంది. అమ్మాయి పేరు మీద వేసిన డబ్బును ఇనుములో పెట్టడం నాకైతే నచ్చలేదు.

ఇక ఈఎంఐ. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. ఇందులో జరిగేది ఇదీ: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గించినట్టు చూపిస్తారు. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే 12 నెలలు 6,000 చొప్పున కట్టే అప్పు అసలు దాదాపు 66,130. మిగతా 5,870 వడ్డీయే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 1,050 దాకా మీ కార్డు బిల్లులో పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరే. అంటే అమ్మేవాడు ఆ వస్తువును 66,000కు ఇవ్వగలడన్నమాట. నగదు ఇస్తా, ఎంతకిస్తావని అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

అలాగని 66,000కు వచ్చినా కొనమని నేను చెప్పను. 72,000ను 1,500తో భాగిస్తే 48. నాలుగేళ్ల జిమ్ ఫీజు ఇప్పుడే కట్టేసినట్టు. నాలుగేళ్లలో కిరాయి ఇల్లు మారరన్న నమ్మకం ఉందా? మల్టీజిమ్ విప్పి, దింపి, మళ్లీ బిగించడానికి మనుషులు కావాలి, ట్రాలీ కావాలి. దాన్ని అమ్మబోతే సగం ధర కూడా రాదు. మేడ మీది రేకుల గదిలో మే నెల సాయంత్రం పది నిమిషాలు నిలబడి చూశారా? అందులో కూలర్ పెట్టాలంటే అదో ఖర్చు.

రాడ్లు, ప్లేట్ల సుగుణం ఏంటంటే అవసరమైనప్పుడల్లా కొంచెం కొంచెం కొనుక్కోవచ్చు. రెండు డంబెల్ రాడ్లు, ఒక పొడవు రాడ్డు, 30 కిలోల ప్లేట్లు, ఒక బెంచీ, కింద మందపాటి రబ్బరు మ్యాట్. మొత్తం 12,000 దాటనివ్వకండి. ఇది ఎనిమిది నెలల జిమ్ ఫీజు. ఆ బరువు చాలనప్పుడు ఇంకో 10 కిలోలు తెచ్చుకోండి. బెంచీ మీద రాసిన బరువులో మీ ఒంటి బరువు కూడా కలిసే ఉంటుంది, కొనేటప్పుడు అది చూసుకోండి. సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవక, కానీ లావుగా ఉండి రాడ్డంతా నిండిపోతాయి, కింద పడితే పగులుతాయి. ఇనుప ప్లేట్లు ఎన్నేళ్లకైనా కిలోల లెక్కన అమ్ముడుపోతాయి. మ్యాట్ విషయంలో పిసినారితనం వద్దు. తెల్లవారుజామున కింద ఓనర్ నెత్తిన డంబెల్ చప్పుడు వినిపిస్తే ఖాళీ చేయమనే మాట త్వరగా వస్తుంది.

ఈ 12,000 కూడా బ్యాంకులోని 38,000 నుంచి తీయకండి. అది మీ ఇంటికి ఒక నెల ఖర్చు మాత్రమే. నెలకు 3,000 పక్కన పెడితే నాలుగు నెలల్లో వస్తుంది. అప్పటిదాకా జిమ్ మానకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ ఫీజు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు ఇచ్చే జిమ్ అయితే ఈసారి ఫీజు కట్టేటప్పుడు ఆ ముక్క అడగండి.

మీ భార్య కోసమని రాశారు. ఆమెను అడిగారా? రోజంతా మిషన్ ముందు వంగి కూర్చునే మనిషికి మల్టీజిమ్ కన్నా రెండు చిన్న డంబెల్స్, ఒక రబ్బరు బ్యాండు, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులోనో వడ్డేపల్లి చెరువు కట్ట మీదో పొద్దున నడక ఎక్కువ పనికొస్తాయేమో. నడుం నొప్పి ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. మాటల్లో మాట: ఇంట్లో ముగ్గురికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ప్లేట్ల కన్నా ముందు అది. వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద జీఎస్టీ కూడా ఇప్పుడు లేదు. వ్యాయామ సామాను బిల్లు చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆరోగ్య బీమా ప్రీమియానికి ఇచ్చే పన్ను మినహాయింపు కిందకు అది రాదు.

పాత సెట్టు సంగతి. కొత్త ధర కనుక్కోండి, అందులో సగానికి మించి ఇవ్వకండి. 10 కిలోలని రాసి ఉన్న ప్లేటు నిజంగా అంత తూగుతుందో లేదో కాటా మీద పెట్టి చూడండి. ప్లేటు రంధ్రం కూడా చూడాలి: ఇళ్లలో వాడే మామూలు రాడ్లకు రంధ్రం చిన్నది, ఒలింపిక్ ప్లేట్లకు 50 మిల్లీమీటర్లు. రెండూ కలిసిపోయిన సెట్టయితే సగం ప్లేట్లు మీకు పనికిరావు. మరలు అరిగాయేమో నట్టు తిప్పి చూడండి. ఇవన్నీ బాగుండి, ధర 6,000 దగ్గర తెగితే రెండు నెలల్లోనే తెచ్చేసుకోవచ్చు.